దూరపు కొండలు, దగ్గరి బడి

మేం ఉండేది చెక్ దేశంలో. మా పక్క ఫ్లాట్‌లో ఒక రోమా కుటుంబం ఉంటుంది, రోమా అంటే ఎప్పుడో మన దేశం నుంచి యూరప్‌కి వలసపోయిన జనం. వాళ్ళ చిన్నోడికి అప్పటికి ఆరేళ్ళు, ఆ ఏడు ఒకటో తరగతిలో చేరాలి. 2025 దాకా ఇక్కడ ఏప్రిల్‌లో అడ్మిషన్లు జరిగేవి, జాపిస్ అంటారు, పిల్లాడిని టీచర్ ఎదురుగా కూర్చోబెట్టి రంగులు చెప్పమంటారు, లెక్కపెట్టమంటారు, బొమ్మ గీయమంటారు. అందుకని మార్చి నెలంతా వాడు మెట్ల మీద కూర్చుని లెక్కపెడుతూనే ఉన్నాడు, చెక్‌లో ఒకసారి, వాళ్ళ భాషలో ఒకసారి. యెక్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్.

నేను కూరగాయల సంచితో మెట్లెక్కుతూ అక్కడే నిలబడిపోయా. ఖమ్మం పక్కన పుట్టి పెరిగినదాన్ని, నా హిందీ స్కూల్లో నేర్చుకున్నంతే, అయినా ఆ అంకెలు నాకు అర్థమైపోయాయి. నీళ్ళని పాని అంటారు, చెవిని కాన్, ముక్కుని నఖ్. ఏడు ఎనిమిది తొమ్మిది మాత్రం వేరే, అవి గ్రీకు నుంచి పట్టుకున్నవి, పదికొచ్చేసరికి మళ్ళీ దెష్. ఎప్పుడో వెయ్యేళ్ళ కింద మన ఉత్తరాది నుంచి బయల్దేరిన జనం ఏ దారిన పోయారో ఆ పిల్లాడు వేళ్ళ మీద చెప్పేస్తున్నాడు అనిపించింది. ఆ రోజు నుంచి వాళ్ళమ్మకీ నాకూ మాటలు కలిశాయి, తను చేసే మరిక్లి అనే దళసరి రొట్టె మా ఇంటికి, మా పులిహోర వాళ్ళింటికి.

మేం ఉండేది ఓస్ట్రావాలో, చెక్ దేశంలో మూడో పెద్ద ఊరు, ఒకప్పుడు బొగ్గు గనులకీ, ఉక్కు ఫ్యాక్టరీలకీ పేరున్న ఊరు. మా ఆయన ఉద్యోగం కోసం వచ్చి నాలుగేళ్ళైంది. రోమా వాళ్ళ పిల్లల చదువు గురించి యూరప్ మొత్తం మాట్లాడుకున్న కేసు ఈ ఊరిదేనని నాకు మొన్నటిదాకా తెలీదు, చెప్పింది ఆవిడే. ఆవిడకి నా వయసే, ముప్పై ఆరు. చదివింది స్పెషల్ స్కూల్లో, అంటే బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకని పెట్టిన బడి. ఆవిడకేం మాంద్యం? కరెంటు బిల్లులో తప్పు నాకంటే ముందు పట్టేస్తుంది. చిన్నప్పుడు ఏవో పరీక్షలు పెట్టారట, ఒక కాగితం ఇచ్చి మీ పిల్లకి ఇక్కడైతే తేలిగ్గా ఉంటుంది, తన లాంటి పిల్లలే ఉంటారు, సంతకం పెట్టండి అన్నారట. వాళ్ళమ్మ పెట్టింది.

"మా అమ్మ తప్పు చేసిందని చాలా ఏళ్ళు కోపంగా ఉండేదాన్ని, తర్వాత స్ట్రాస్‌బర్గ్ వాళ్ళు చెప్పారు అది అమ్మ తప్పు కాదని," అంది. స్ట్రాస్‌బర్గ్ అంటే అక్కడున్న మానవ హక్కుల కోర్టు. ఆ మాట విన్నాక ఆ కేసు గురించి ఉన్నదంతా కూర్చుని చదివా.

ఓస్ట్రావాకి చెందిన 18 మంది రోమా పిల్లలు. 1996 నుంచి 1999 మధ్య వాళ్ళని స్పెషల్ స్కూళ్ళలో వేశారు. అప్పట్లో ఈ ఊళ్ళో ప్రైమరీ పిల్లలు మొత్తం 33,372 మంది, అందులో రోమా పిల్లలు 2.26 శాతం. కానీ స్పెషల్ స్కూళ్ళకి వెళ్ళి చూస్తే అక్కడున్న 1,360 మందిలో 762 మంది వాళ్ళే, అంటే సగానికి పైన. ఇంకోలా చూస్తే రోమా కాని పిల్లల్లో వందకి ఇద్దరు కూడా ఆ బడికి పోవట్లేదు, రోమా పిల్లల్లో ఇద్దరిలో ఒకరు పోతున్నారు. ఈ అంకెలు కోర్టు తీర్పులోనే ఉన్నాయి. అక్కడ చదివితే ఆ తర్వాత మంచి స్కూలుకి, మంచి ఉద్యోగానికి దారి దాదాపు మూసుకుపోయినట్టే.

వాళ్ళు ముందు సొంత దేశంలోనే అడిగారు. బ్ర్నోలో ఉన్న రాజ్యాంగ కోర్టు 1999 అక్టోబర్‌లో కొట్టేసింది. 2000లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకి వెళ్ళారు, అప్పట్లో బుడాపెస్ట్‌లో ఉన్న యూరోపియన్ రోమా రైట్స్ సెంటర్ వాళ్ళు పక్కన నిలబడ్డారు. 2006 ఫిబ్రవరిలో అక్కడా ఓడిపోయారు, ఆరుగురు జడ్జిలు కాదన్నారు, ఒక్కరే అవునన్నారు. అయినా వదల్లేదు, అదే కోర్టులోని పెద్ద ధర్మాసనానికి, గ్రాండ్ ఛాంబర్‌కి వెళ్ళారు. 2007 నవంబర్ 13న 17 మంది జడ్జిల్లో 13 మంది ఆ పిల్లల వైపు చెప్పారు. రోమా వాళ్ళని వేరే బడికి పంపండి అని ఏ చట్టంలోనూ రాసి లేకపోవచ్చు, కానీ అమలులో దెబ్బ పడేది వాళ్ళ మీదే అయితే అది కూడా వివక్షే అన్నారు.

ప్రభుత్వం వైపు వాదన ఏంటంటే తల్లిదండ్రులే సంతకం పెట్టారు కదా అని. కోర్టు ఒప్పుకోలేదు. ఏం జరుగుతుందో వాళ్ళకి సరిగ్గా తెలియకుండా పెట్టిన సంతకం అది, అసలు జాతి వివక్షకి గురికాకుండా ఉండే హక్కుని సంతకం పెట్టి వదులుకోవడం అంటూ ఉండదు అని చెప్పింది. ఈ పేరా దగ్గర నేను ఫోన్ పక్కన పెట్టేసి చాలాసేపు కూర్చున్నా. ఆవిడ వాళ్ళమ్మ ఆ 18 మందిలో ఎవరి తల్లీ కాదు, కోర్టు మెట్లు ఎక్కలేదు, అయినా పెద్ద పెద్ద జడ్జిలు ఆమె తరఫున మాట్లాడినట్టే ఉంది.

ఒక్కో పిల్లాడికి 4,000 యూరోలు ఇమ్మన్నారు. తీర్పు వచ్చేటప్పటికి వాళ్ళలో చిన్నవాళ్ళకే పదహారేళ్ళు, బడి వయసు అయిపోయింది.

ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తా, నేనూ మొదట కలిపేసుకున్నా. ఈ కోర్టు యూరోపియన్ యూనియన్‌ది కాదు. ఇది కౌన్సిల్ ఆఫ్ యూరప్‌ది, అందులో 46 దేశాలు, ఈయూలో 27. యూరోపియన్ పార్లమెంటు కూడా స్ట్రాస్‌బర్గ్‌లోనే కూర్చుంటుంది కాబట్టి అందరూ కలిపేస్తారు, మా పక్కింటావిడకైతే అన్నీ కలిపి స్ట్రాస్‌బర్గే.

మరి ఆవిడకి స్ట్రాస్‌బర్గ్ మీద అంత నమ్మకం ఎందుకు? అడిగా. ఆవిడ చెప్పింది విని నాకు నోట మాట రాలేదు. "వాళ్ళకి నా మొహం తెలీదు కదా" అంది. ఇక్కడ ఆఫీసులో అడుగుపెట్టగానే ముందు మొహం చూస్తారు, ఆ తర్వాతే కాగితం, అక్కడ కాగితం ఒక్కటే చూశారు అని.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మండలాఫీసు మా ఇంటికి రెండు కిలోమీటర్లు, అయినా పెన్షన్ కాగితం కోసం ప్రతి సోమవారం బస్సెక్కి కలెక్టరేట్‌కి ప్రజావాణికి పోయేది. ఇక్కడోళ్ళు వినరు, పెద్ద సారు వింటాడు అనేది. పెద్ద సారు విన్నాడు కూడా, అర్జీ మీద రాశాడు కూడా, ఆ కాగితం తిరిగి తిరిగి మళ్ళీ అదే మండలాఫీసులో అదే టేబుల్ మీదకి వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు అంటారే, అది. మా అమ్మకి ఉన్నది కలెక్టర్ మీద నమ్మకమా, మండలాఫీసు మీద అపనమ్మకమా అంటే నాకు ఇప్పటికీ తేడా తెలీదు, బహుశా రెండూ ఒకటేనేమో.

ఇక్కడ జరిగిందీ అదే. తీర్పు రాకముందే 2005లో కొత్త చట్టంతో స్పెషల్ స్కూల్ అన్న పేరు తీసేసి ప్రాక్టికల్ స్కూల్ అని పెట్టారు, చాలాచోట్ల అదే బిల్డింగు, అవే బెంచీలు. 2014 సెప్టెంబర్‌లో ఈయూ కమిషన్ చెక్ దేశం మీద చర్య మొదలుపెట్టింది, తర్వాత స్లొవాకియా మీద, హంగరీ మీద. 2016లో ఇక్కడ సంస్కరణ తెచ్చారు, మామూలు బడుల్లోనే అవసరమైన పిల్లలకి అసిస్టెంట్ టీచర్లూ అవీ వచ్చాయి, కొంత మారింది, అది మారలేదంటే అబద్ధం. కానీ తీర్పొచ్చి పదిహేనేళ్ళు దాటాక కూడా తీర్పులు అమలవుతున్నాయో లేదో చూసే కౌన్సిల్ ఆఫ్ యూరప్ మంత్రుల కమిటీ ఆ ఫైలు మూయకుండా ఏమైంది ఏమైంది అని అడుగుతూనే ఉంది. ఇప్పుడు ఇంకో రకం వచ్చింది, బడి పేరు మామూలు బడే, కానీ లోపల అందరూ రోమా పిల్లలే, మిగతావాళ్ళు తమ పిల్లల్ని వేరే బడికి మార్చేసుకున్నారు. దీని మీద ఏ కోర్టు ఎవరికి నోటీసు ఇస్తుంది?

పైవాళ్ళ మాట చురుగ్గా పనిచేసిన సందర్భం కూడా ఉంది. 1999 అక్టోబర్‌లో ఉస్తీ నాద్ లాబెమ్ అనే ఊళ్ళో మాతిచ్నీ వీధిలో రోమా వాళ్ళ ఇళ్ళకీ ఎదురుగా ఉన్న ఇళ్ళకీ మధ్య గోడ కట్టేశారు. ఆరు వారాల్లో కూల్చేశారు. ఎందుకంటే అప్పటికి చెక్ దేశం ఈయూలో చేరడానికి గుమ్మం బయట నిలబడి ఉంది, లోపలివాళ్ళు గోడ సంగతేంటి అని అడిగారు. 2004 మే 1న లోపలికి వచ్చేశాక ఆ అడిగే గొంతులో పదును తగ్గిందని నా అభిప్రాయం.

లెటీ చూడండి. పీసెక్ దగ్గర చిన్న పల్లె. 1942, 43లో, నాజీల ఆక్రమణ కాలంలో, అక్కడ రోమా వాళ్ళ కోసం క్యాంపు ఉండేది, కాపలా ఉన్నది చెక్ పోలీసులే. సుమారు 1,300 మందిని పెట్టారు, 300 మందికి పైగా అక్కడే చనిపోయారు, చాలామందిని నాజీల ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపారు. ఆ నేల మీద 1970ల్లో పందుల ఫారం కట్టారు. యూరోపియన్ పార్లమెంటు 2005లో దాన్ని తీసేయమని తీర్మానం చేసింది, 2008లో మళ్ళీ అడిగింది. ప్రభుత్వం ఆ ఫారం కొన్నది 2017లో, కూల్చింది 2022లో, స్మారకం తెరిచింది 2024లో. పోయిన ఎండాకాలం మేం వెళ్ళాం. చుట్టూ అడవి, గాలి శబ్దం తప్ప ఏం లేదు. తీర్మానానికీ ఈ నిశ్శబ్దానికీ మధ్య దాదాపు ఇరవై ఏళ్ళు, ఆ ఇరవై ఏళ్ళలో ఆ క్యాంపు నుంచి బతికొచ్చిన ఎంతమంది ఈ రోజు చూడకుండానే పోయారో అన్న ఆలోచన నన్ను ఇంటిదాకా వదల్లేదు.

ఇదే ఓస్ట్రావాకి చెందిన ఎలెనా గోరొలోవా గురించి కూడా చెప్పాలి. 1990లో రెండో కాన్పు ఆపరేషన్ అప్పుడు తనకి అర్థం కాకుండానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేశారు. అక్కడ కూడా సంతకమే, నొప్పుల్లో ఉన్న మనిషి చేత. 2006లో ఆమె న్యూయార్క్ వెళ్ళి ఐక్యరాజ్యసమితి మహిళల కమిటీ ముందు చెప్పింది. ప్రభుత్వం విచారం వ్యక్తం చేసింది 2009లో, అలా నష్టపోయిన ఆడవాళ్ళకి 3 లక్షల చెక్ క్రౌన్లు ఇచ్చే చట్టం వచ్చింది 2021లో. ఆమెలాంటి వాళ్ళు వదలకుండా పట్టుకున్నారు కాబట్టి పైన చెప్పిన మాట కిందకి దిగింది, లేకపోతే అక్కడే ఉండిపోయేది. నాకు ఆ కమిటీల కంటే ఆమె గొప్పగా కనిపిస్తుంది.

అన్ని మైనారిటీలూ ఇలా పైకే చూస్తారని కూడా కాదు. రిగాలో చదువుకున్న మా తమ్ముడు (మన తెలుగు పిల్లలు అక్కడ బోలెడుమంది) చెప్పేవాడు, లాత్వియాలో రష్యన్ మాట్లాడేవాళ్ళకి ఈయూ అంటే మాది అనిపించదని. 2003 సెప్టెంబర్ 20న ఈయూలో చేరాలా వద్దా అని ఓటింగ్ పెడితే దేశం మొత్తం మీద 67 శాతం సరే అంది, రష్యన్ వాళ్ళు ఎక్కువున్న దౌగవ్‌పిల్స్‌లో మెజారిటీ వద్దంది, ఇక పౌరసత్వం లేని దాదాపు 5 లక్షల మందికి ఓటే లేదు. తలుపు దగ్గర నన్ను అడగనే లేదు, లోపలికెళ్ళాక మా ఇల్లు అని ఎలా అనుకుంటారు.

మళ్ళీ మా పక్కింటికి వస్తా. 2021 జనాభా లెక్కల్లో ఈ దేశంలో రోమా అని రాసుకున్నవాళ్ళు సుమారు 21 వేల మంది. ఉన్నది రెండు లక్షలకి పైనే అని అంచనా. మీరు రాశారా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. వాళ్ళమ్మమ్మ చెప్పేదట, ఒకప్పుడు లిస్టు రాసుకున్నారు, ఆ లిస్టు పట్టుకునే రైలెక్కించారు అని. స్ట్రాస్‌బర్గ్‌ని నమ్మే మనిషి, ఇంటికొచ్చిన ఫారంలో ఒక గడి నింపడానికి భయపడుతుంది. ఇన్ని తీర్పులు తీర్మానాల తర్వాత కూడా ఆ గడి ఖాళీగా ఉండిపోవడం నాకు అన్నిటికంటే బాధగా ఉంది. రోమా పిల్లలకని బ్రస్సెల్స్‌లోని ఈయూ నుంచి ఎన్ని నిధులొచ్చినా ఎంతమంది ఉన్నారో లెక్కే లేకపోతే అడిగేది ఎలా.

ఏప్రిల్‌లో జాపిస్ రోజున నన్ను కూడా రమ్మంది. నా చెక్ అంతంతమాత్రం, అయినా పక్కన ఒక మనిషి ఉంటే ధైర్యం అంది. టీచర్ మంచావిడ, నవ్వుతూ మాట్లాడింది. పిల్లాడు చెక్‌లో పది దాకా తడుముకోకుండా చెప్పేసి, అడక్కుండానే యెక్ దుయ్ మొదలుపెట్టాడు, వాళ్ళమ్మ గబుక్కున వాడి చెయ్యి పట్టుకుంది ఆపమన్నట్టు. టీచర్ మాత్రం చెప్పు చెప్పు అంది. చివర్లో కాగితాలు ఇచ్చినప్పుడు పిల్లాడి తల్లి ప్రతి లైను రెండుసార్లు చదివింది, వెనక ఇంకొంతమంది లైన్లో ఉన్నారు, అయినా తొందరపడలేదు, నన్ను కూడా చదవమంది, నాకు సగమే అర్థమైంది. ఆ తర్వాతే పెన్ను తీసింది.

కొన్నాళ్ళకి బడి గేటు దగ్గర లిస్టు పెట్టారు, ఇక్కడ పేర్లుండవు, ఒక్కో పిల్లాడికి ఇచ్చిన నంబరే ఉంటుంది. ఇద్దరం కలిసి వెళ్ళాం. వేలుతో ఒక్కో వరసా దిగుతూ వచ్చి ఒక దగ్గర ఆగింది, చీటీలో నంబరు మళ్ళీ చూసుకుంది, ఫోన్‌తో ఫొటో తీసి అక్కడే నిలబడి వాళ్ళమ్మకి పంపింది.