సుగ్గికి పోయిన పిల్లల హాజరు ఎవరు వేస్తారు?

మా కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, అంటే ఆదోని దాటాక కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు, బడులు బాగుపడ్డాయన్న మాట నిజం. 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం మొదలయ్యాక చాలా బడులకు నీళ్లు, మరుగుదొడ్లు, బెంచీలు వచ్చాయి. 2020 నుంచి ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ఉండే పుస్తకాలు ఇస్తున్నారు. అవి నాకు బాగా నచ్చాయి, ఇంగ్లీషు అర్థం కాకపోతే పిల్లోడు పక్క పేజీ చూసుకుంటాడు, ఎవర్నీ అడగాల్సిన పని లేదు.

కానీ వానలు మొహం చాటేసిన ఏడు దీపావళి దాటితే మా ఊళ్లు సగం ఖాళీ. పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరపకాయలు కోయడానికి గుంటూరు, పల్నాడు వైపో తెలంగాణకో ఇంటిల్లిపాదీ సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు, చాలామంది మళ్లీ ఉగాదికే ఊళ్లో కనబడతారు. వాళ్లతోపాటే పిల్లలు. "ఆడపిల్లని ఈడ ఒంటిగా ఎట్ల ఇడిసిపెట్టి పోతాం సార్" అని ఒక తల్లి అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 రోజులు బడి నడవాలి. పిల్లల్ని బడికి పంపే తల్లులకు అప్పట్లో ఇచ్చిన అమ్మఒడి డబ్బుకు 75 శాతం హాజరు షరతు పెట్టారు. అంటే 55 రోజులకు మించి మానకూడదు. మిరప కోతలకు పోయిన బిడ్డకు అది ఎట్లా కుదురుతుంది? బడి మానకుండా ఉండాలనే పెట్టిన డబ్బు, బడి మానక తప్పని ఇంటికే అందకుండా పోయింది. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఆగింది, అందులో ఈ వలసల పాలు ఎంతో ఇక్కడ పనిచేసే ఏ టీచర్ని అడిగినా చెప్తారు.

2022లో జీవో 117 తో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లలో కలపడం, 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకోవడం, వీటి మీద జరిగినంత చర్చ సుగ్గి పిల్లల మీద ఎప్పుడూ జరగలేదు.

సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి, మంచి ఏర్పాటే. అమ్మానాన్నలు పోయినా పిల్లలు ఊళ్లోనే ఉండి తిని చదువుకోవచ్చు. కానీ అవి బండ్లు కదలకముందే తెరవాలి, పిల్లలు పోయాక తెరిస్తే ఏం లాభం? ఆడపిల్లలుండే చోట రాత్రిపూట ఒక ఆయమ్మ ఉండాలి, లేకపోతే ఏ తల్లీ ఒప్పుకోదు.

హాస్టల్లో ఉండలేని పిల్లల సంగతి కూడా ఆలోచించాలి. గుంటూరు జిల్లా బడిలోనూ ఇవే పుస్తకాలు, ఇదే సిలబస్. హాజరు ఎలాగూ ఫోన్లో యాప్‌లోనే వేస్తున్నాం. మా బడి పిల్ల అక్కడి బడిలో కూర్చుంటే ఆ హాజరు మా బడి లెక్కలోకి రావాలి, మధ్యాహ్న భోజనం అక్కడే పెట్టాలి. పిల్ల పేరు చూసి, ఏ ఊరి నుంచి వచ్చిందో అడిగి, బడిలో కూర్చోబెట్టే బాధ్యత అక్కడి హెడ్మాస్టరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. పత్తి సీజన్ మొదలుకాకముందే ఆ ఉత్తర్వు రావాలి.