బాబాయ్‌కి ఒక కాగితం

"ఫోన్‌లో ఉంటే ఉండనీ బాబూ, నాకు మాత్రం ఒక కాగితం ఇవ్వు."

డ్రైవర్ బాబాయ్ పట్టు వదల్లేదు. గుంటూరు యార్డు నుంచి ముంబైకి వెళ్లే మిర్చి లోడు. సత్తెనపల్లి దాటకముందే మొదటి లారీకి క్లచ్ పోయింది. ఎర్రటి ఎండలో టిక్కీలన్నీ, అంటే మిర్చి బస్తాలన్నీ, రెండో లారీలోకి మార్పించేసరికి హమాలీలకు, నాకు ఒకటే తుమ్ములు.

బిల్లు పని మాత్రం తుమ్ముకీ తుమ్ముకీ మధ్యలోనే అయిపోయింది. సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లులో, బండి వివరాలుండే పార్ట్ బి లో కొత్త లారీ నంబరు కొట్టా, అంతే. బిల్లు నంబరు మారలేదు, 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున వచ్చిన గడువూ మారలేదు. నాన్న హయాంలో అయితే కార్బన్ పేపరు పెట్టి మళ్లీ మొదటి నుంచి రాయడమే. ఆయన చూపుడు వేలు ఎప్పుడూ నీలంగానే ఉండేది.

నంబరు చూపిస్తే చాలు, ప్రింటు అక్కర్లేదని ఎంత చెప్పినా బాబాయ్ వినడే! "దారిలో నా ఫోన్ చచ్చిపోతే నువ్వొస్తావా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. పక్కనున్న జిరాక్సు షాపులో ప్రింటు తీయించి ఇచ్చా. నాలుగు మడతలు పెట్టి, అద్దం దగ్గరున్న వెంకన్న ఫొటో వెనక దోపుకున్నాడు.