నీళ్ళ మీద నెపం

మా ఊరు కనిగిరి దగ్గరి ఒక చిన్న పల్లె. అక్కడ పుట్టి పెరిగిన నా ఈడువాళ్ళలో చాలామందికి ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలో, సున్నం అంటినట్టుండే తెల్లని మచ్చలో కనిపిస్తాయి. నాకు రెండూ ఉన్నాయి. కందుకూరులో ఉపాధ్యాయుడిగా చేరిన కొత్తలో పిల్లలు నల్లబల్ల కంటే నా నోటినే ఎక్కువగా చూస్తున్నారని అనిపించి, పెదవులు పూర్తిగా విప్పకుండా పాఠం చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఎవరైనా అడిగితే ‘మా ఊరి నీళ్ళండీ’ అనేవాణ్ణి. ఆ మాట నిజమే. అయితే ఆ ఒక్క నిజాన్ని అడ్డం పెట్టుకొని, నోట్లో జరిగే ప్రతిదానికీ నీళ్ళనే కారణంగా చెప్పుకుంటూ, నలభై ఆరేళ్ళు వచ్చేదాకా దంత వైద్యుల గడప తొక్కకపోవడం మాత్రం నా తప్పు.

ఈ నీళ్ళ కథ చాలా పాతది. నీటిలో ఫ్లోరైడు ఎక్కువై పళ్ళనూ ఎముకలనూ చెడగొట్టే ఫ్లోరోసిస్ అనే జబ్బు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉందని షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1937లో ప్రకటించిన పరిశోధన నెల్లూరు జిల్లా పల్లెల గురించినదే. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళాయి. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చునని మన దేశ ప్రమాణం చెబుతుంది. మా చిన్నప్పటి చేతిపంపుకు ఆ లెక్కలేవీ తెలియవు.

అయితే ఆ నీళ్ళు పంటి మీద మరక వేసేది ఎప్పుడు? శాశ్వత దంతాల పింగాణీ పొర చిగురు లోపల తయారయ్యే కాలంలో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళ వయసు లోపల. ఆ తరువాత పన్ను బయటికి వచ్చాక ఎన్ని నీళ్ళు తాగినా కొత్త చార పడదు, ఎంత తోమినా పాత చార పోదు. నేను ఉద్యోగంలో చేరాక ఎన్నో ఏళ్ళు బొగ్గుపొడి, ఉప్పు, ఒకసారి ఇటుకపొడి కూడా పెట్టి రుద్దాను. మరకలు అలాగే ఉన్నాయి, పింగాణీ మాత్రం అరిగింది.

రెండేళ్ళ కిందట బడిలో మధ్యాహ్నం భోజనం తరువాత జామకాయ కొరికినప్పుడు కింది ముందు పన్ను ఒకటి కదిలినట్టు అనిపించింది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి మూడు నెలలు ఊరుకున్నాను. అంతకు ముందు కొన్నేళ్ళుగా తోముకుంటున్నప్పుడు ఉమ్మిలో నెత్తురు చార కనిపిస్తూనే ఉంది. దానికి నేను చేసుకున్న వైద్యం ఏమిటంటే, నెత్తురు వచ్చే చోట బ్రష్షు తగలకుండా తప్పించడం. ఇంతకంటే తెలివితక్కువ వైద్యం లేదని ఇప్పుడు తెలుసు. చిగురు నుంచి నెత్తురు వచ్చేది సాధారణంగా అక్కడ పాచి నిలిచినందువల్ల. ఆ చోటు తోమడం మానేస్తే పాచి ఇంకా పేరుకుంటుంది, నెత్తురు ఇంకా ఎక్కువవుతుంది.

చివరికి ఒక చిన్న దంత వైద్యశాలకు వెళ్ళాను. వైద్యురాలు నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. నేను కుర్చీలో వెనక్కి వాలుతూనే మామూలు పాట మొదలుపెట్టాను: మా ఊరి నీళ్ళమ్మా, ఇట్టనే అయినయి అని. ఆమె చేతి అద్దం నాకిచ్చి ముందు పైపళ్ళు చూపించింది. ‘ఈ చారలు మీకు పళ్ళు రాకముందే పడినయి, మాస్టారూ. ఇవి మిమ్మల్ని ఏమీ చెయ్యలేదు. మీ పన్ను కదిలేది వీటివల్ల కాదు’ అని, చిన్న అద్దాన్ని నోట్లో పెట్టి కింది పళ్ళ వెనకవైపు చూపించింది. పన్నుకూ పన్నుకూ మధ్య సందు కనబడకుండా, గోడకు సున్నపు గార పూసినట్టు, పసుపురంగు గట్టి పొర ఒకటి అడ్డంగా పరుచుకొని ఉంది. దాన్ని ‘గార’ అని పిలిచిన పూర్వులెవరో కాని బాగా చూసి పిలిచారు.

ఆ గార అక్కడే అంత దట్టంగా ఎందుకు కట్టిందో కూడా ఆమె చెప్పింది. నాలుక కింద లాలాజలం ఊరే నాళాలు సరిగ్గా ఆ పళ్ళ వెనకే తెరుచుకుంటాయి. లాలాజలంలో ఉండే కాల్షియం, పళ్ళ మీద నిలిచిన మెత్తని పాచిలోకి ఇంకి, కొద్ది రోజులలోనే దాన్ని రాయిలా గట్టిపరుస్తుంది. మెత్తగా ఉన్నంతసేపు అది బ్రష్షుకు లొంగుతుంది. గట్టిపడితే వేపపుల్లకూ లొంగదు, పేస్టుకూ లొంగదు, పరికరంతో గీకి తీయవలసిందే. దాని గరుకు ఉపరితలం మీద మళ్ళీ కొత్త పాచి చేరుతుంది.

తరువాత జరిగిన పరీక్ష నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది. మిల్లీమీటర్ల గీతలున్న సన్నని కొలత పుల్లను ప్రతి పంటి చుట్టూ చిగురుకూ పన్నుకూ మధ్య మెల్లగా దించుతూ, ఆమె అంకెలు చెబుతుంటే సహాయకురాలు రాసుకుంది. రెండు, మూడు, రెండు, నాలుగు, ఐదు, ఆరు... చిన్నప్పుడు మా నాయన వెంట వెళ్ళినప్పుడు పొగాకు వేలంలో అంకెలు ఇలాగే వినిపించేవి; అక్కడ అంకె పెరిగితే సంతోషం, ఇక్కడ పెరిగితే దిగులు. మూడు దాకా ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క. నాలుగూ ఆపైన ఉంటే చిగురు పంటిని వదిలి సంచిలా తెరుచుకుంటోందని అర్థం. కదిలే పన్ను దగ్గర ఆరు వచ్చింది. ఎక్స్‌రేలో ఆ పంటిని పట్టుకొని ఉండవలసిన ఎముక మూడోవంతు దాకా కరిగిపోయి కనిపించింది.

చిగురు వాపు దశలోనే వచ్చి ఉంటే శుభ్రం చేయించి, సరిగా తోముకుంటే మామూలు స్థితికి వచ్చేది. ఎముక కరిగాక శుభ్రం చేయడం వల్ల ఉన్నది నిలుస్తుంది, పోయినది తిరిగి రాదు. ఈ రెండు దశల మధ్య కొన్ని సంవత్సరాల వ్యవధి నాకు దొరికింది. ఆ సంవత్సరాలలో ఒక్క పరీక్ష చేయించుకున్నా సరిపోయేది. పుచ్చిన పన్ను చివరి దశలోనైనా రాత్రి నిద్ర పట్టనివ్వకుండా గోల చేస్తుంది. చిగుళ్ళ జబ్బుకు ఆ పాటి మర్యాద కూడా లేదు.

క్లీనింగ్ చేయించుకుంటే పళ్ళు వదులవుతాయని మా బంధువులు గట్టిగా వారించారు. ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నా అనుభవం వల్లనే అర్థమైంది. గార తీసేసిన సాయంత్రం నాలుకతో తడిమి చూస్తే పళ్ళ మధ్య ఖాళీలు తగిలాయి, చల్లని నీళ్ళు జివ్వుమన్నాయి, కదిలే పన్ను ఇంకొంచెం కదిలినట్టు అనిపించింది. నిజానికి ఆ ఖాళీలు పాతవే; గార వాటిని పూడ్చి, పళ్ళకు దొంగ కట్టు కట్టి ఉంచింది. వాపు తగ్గిన చిగురు కొంచెం కిందికి దిగింది. జివ్వుమనడం పది రోజులలో తగ్గింది. అల్ట్రాసోనిక్ పరికరం పన్నును కోయదు, అతి వేగంగా కంపిస్తూ నీటి ధారతో గారను పగలగొడుతుంది. లోతు ఎక్కువగా ఉన్న చోట్ల మత్తు సూది వేసి, చిగురు కింద పంటి వేర్ల మీది గారను కూడా తీశారు. దానికి రెండు రోజులు వెళ్ళవలసి వచ్చింది. ఖర్చుకు వెనుకాడేవారికి ఒక మాట: నెల్లూరులో దంత వైద్య కళాశాల ఉంది. ఇటువంటి కళాశాలలలో అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు వైద్యం చేస్తారు కాబట్టి సమయం ఎక్కువ పట్టినా ఖర్చు తక్కువ అవుతుంది.

ఇదంతా అయ్యాక మా నాయన గుర్తుకు వచ్చాడు. ఆయనకు అరవై నిండకుండానే పళ్ళన్నీ ఊడిపోయాయి. ఊరంతా నీళ్ళనే తిట్టింది, ఆయనా అదే అన్నాడు. ఆయన పొగాకు పండించాడు, చుట్టలూ కాల్చాడు. పొగాకు చిగుళ్ళలోని సన్నని రక్తనాళాలను కుదించివేస్తుంది కాబట్టి, లోపల జబ్బు ముదురుతున్నా పైకి నెత్తురు సరిగా కనిపించదు. నాకైనా ఉమ్మిలో ఒక హెచ్చరిక కనబడింది, నేను పట్టించుకోలేదు. ఆయనకు ఆ హెచ్చరిక కూడా అందలేదు. మా అమ్మకు షుగరు ఉంది. షుగరు అదుపు తప్పితే చిగుళ్ళు త్వరగా చెడతాయి, చిగుళ్ళలో చీము ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది. ఆమె షుగరు డాక్టరు ఏటా కళ్ళు, కాళ్ళు చూపించుకొమ్మని చెప్పేవారు. నోటి సంగతి ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు.

మా చిన్నపాప కందుకూరులోనే పుట్టింది, దాని పళ్ళ మీద చారలు లేవు. అందుకని దాన్ని చూపించవలసిన అవసరమే లేదని అనుకున్నాను. నా తరువాతి పరీక్షకు వెంట తీసుకువెళితే, వైద్యురాలు అన్నిటికంటే వెనకనున్న దవడ పన్ను చూసి ‘ఇది పాలపన్ను కాదు మాస్టారూ, ఇదే చివరి దాకా ఉండేది’ అంది. ఆరేళ్ళ వయసులో ఏ పాలపన్నూ ఊడకుండానే వెనకవైపు ఖాళీ చోట వచ్చే ఈ మొదటి శాశ్వత దంతాన్ని చాలామంది తల్లిదండ్రులు నాలాగే పాలపన్నుగా పొరబడి, పుచ్చినా ఊడేదే కదా అని వదిలేస్తారు. ఆ పంటి మీది లోతైన గాడులలో బ్రష్షు కుచ్చు దూరదు, మలై కాజా మాత్రం హాయిగా దూరుతుంది. ఆ గాడులను పూతతో మూసే చిన్న పని అరగంటలో అయిపోయింది; సూది లేదు, నొప్పి లేదు.

మా ఊళ్ళో ఉన్న అన్న ఒక సందేహం అడిగాడు: ఫ్లోరైడుతో పాడైన ఊరికి మళ్ళీ ఫ్లోరైడు పేస్టు ఎందుకు అని. న్యాయమైన ప్రశ్న. కడుపులోకి వెళ్ళి, తయారవుతున్న పంటిని చెడగొట్టేది ఎక్కువ మోతాదులో మింగిన ఫ్లోరైడు. పంటి పైపొరకు తగిలి, తీపి తిన్నప్పుడు పుట్టే ఆమ్లం నుంచి కాపాడేది కొద్దిపాటి ఫ్లోరైడు. పెద్దలకు దానితో ఇబ్బంది లేదు. మింగే వయసు పిల్లలకు మాత్రం మూడేళ్ళ దాకా బియ్యపుగింజంత, ఆ తరువాత బఠాణీ గింజంత చాలు. మా ఊరి వంటి చోట్ల ఉండే చిన్నపిల్లల విషయం వైద్యులను అడిగి తేల్చుకోవడం మేలు. నీళ్ళు కాచి తాగిస్తున్నామని అన్న ధైర్యంగా చెప్పాడు. కాచితే క్రిములు చస్తాయి కాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ అది చిక్కబడుతుంది కూడా.

అందరూ ఆరు నెలలకు ఒకసారి వెళ్ళాలన్నది రాతి మీద రాసిన నియమం కాదు. బ్రిటన్‌లో పాటించే మార్గదర్శకాల ప్రకారం, పెద్దవారికి వారి నోటి స్థితిని బట్టి 3 నెలల నుంచి 24 నెలల దాకా గడువు పెట్టవచ్చు. నాకు మొదట మూడు నెలలు పెట్టారు, ఇప్పుడు ఆరు. రోజుకు రెండు పూటలా మెత్తని బ్రష్షుతో, చిగురు అంచున ఏటవాలుగా పెట్టి, తొందర లేకుండా తోముతున్నాను. సందులలోకి చీపురు పుల్ల బదులు చిన్న కుచ్చు బ్రష్షు వాడుతున్నాను. నెత్తురు మూడో వారానికే ఆగింది.

మొన్నటి పరీక్షలో వైద్యురాలు మళ్ళీ కొలత పుల్ల తీసుకొని అంకెలు చెప్పింది. కదిలే పన్ను దగ్గరికి వచ్చేసరికి నేను ఊపిరి బిగబట్టాను. నాలుగు అంది. కరిగిన ఎముక అలాగే ఉంది, పన్ను ఇప్పటికీ కొద్దిగా కదులుతుంది, జామకాయను ముక్కలుగా కోసుకొని దవడ పళ్ళతో తింటున్నాను. మళ్ళీ డిసెంబరులో కొలుస్తారు. ఈసారి అన్ననూ వెంట తీసుకువెళుతున్నాను.