పూల్ కట్టడం అయింది, ఇక నీళ్ళ సంగతి

మా పెరట్లో స్విమ్మింగ్ పూల్ తయారయ్యాక చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ముందు అంచు టైల్స్ గురించి, లైట్ల గురించి అడుగుతారు. నాకేమో వాళ్ళని గోడ వెనక పంపు గదిలోకి తీసుకెళ్ళాలనిపిస్తుంది. గుంత తవ్వడం, గోడలు లేపడం, టైల్స్ అతికించడం ఒకసారితో అయిపోయే పనులు. నీళ్ళు మాత్రం రోజూ కొంచెం పాడవుతూనే ఉంటాయి, రోజూ కొంచెం బాగుచేస్తూనే ఉండాలి. అందుకే కొత్తగా పూల్ కట్టుకునేవాళ్ళు పంపు, ఫిల్టర్, టెస్ట్ కిట్‌కి కావలసిన డబ్బు ముందు పక్కన పెట్టి, మిగిలినదాంతో హంగులు చూసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మాకు ఈ ఆలోచన వచ్చింది నాన్నగారి మోకాళ్ళ వల్ల. నేల మీద నాలుగడుగులు వేయడానికే కష్టపడే మనిషి, నడుము లోతు నీళ్ళలో ఏ కష్టమూ లేకుండా అటూ ఇటూ నడుస్తారు. అందుకే మాది పెద్ద పూల్ కాదు. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, ఒక చివర మీటరు లోతు, రెండో చివర 1.8 మీటర్లు. సగటు లోతు 1.4 మీటర్లు. మూడూ గుణిస్తే 44.8 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 45 వేల లీటర్లు. ఈ అంకెని పంపు గది గోడ మీద పెయింట్‌తో పెద్దగా రాయించాను. పంపు సైజు దగ్గర్నుంచి క్లోరిన్ మోతాదు దాకా ఏ లెక్కకైనా ముందు కావలసింది అదే.

ఇంటి పూల్‌లో ఉన్న నీళ్ళంత పరిమాణం 6 నుంచి 8 గంటల్లో ఒకసారి ఫిల్టర్ గుండా తిరిగి రావాలి. మా లెక్కన 6 గంటలకైతే గంటకు 7,500 లీటర్లు. దానికి తగ్గ పంపు చాలు. ఎందుకైనా మంచిదని పెద్ద మోటారు పెట్టేవాళ్ళున్నారు. ఫిల్టర్ తట్టుకునే వేగం కన్నా పంపు ఎక్కువ తోస్తే మురికి ఫిల్టర్‌లో ఆగకుండా దూసుకుపోయి మళ్ళీ పూల్‌లోకే వస్తుంది. మేము వేగం మార్చుకునే పంపు తీసుకున్నాం. వేగం సగానికి తగ్గిస్తే ప్రవాహం కూడా సగమవుతుంది, కానీ పంపుకి కావలసిన కరెంటు లెక్క ప్రకారం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అంటే రెండింతల సేపు నడిపినా పావు వంతే ఖర్చు. అసలు మోటారులో అంత పూర్తిగా కలిసిరాదు గానీ తేడా మాత్రం పెద్దదే. పైగా చప్పుడు ఉండదు.

ఫిల్టర్లలో మేము ఇసుకది ఎంచుకున్నాం. ఇల్లు కట్టే ఇసుక ఇందులో పనికిరాదు, 0.45 నుంచి 0.55 మిల్లీమీటర్ల రేణువులున్న సిలికా ఇసుక కావాలి. ఇది 20 నుంచి 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా ఉన్న మురికిని పడుతుంది. కార్ట్‌రిడ్జ్ ఫిల్టర్ ఇంకా సన్నటి మురికిని పట్టగలదు, కానీ ఊడదీసి కడగాలి. ఇసుకదైతే వాల్వు తిప్పితే చాలు, నీళ్ళు వెనక్కి తిరిగి మురికిని బయటికి తోసేస్తాయి. దీన్నే బ్యాక్‌వాష్ అంటారు.

ఎప్పుడు బ్యాక్‌వాష్ చేయాలన్నది క్యాలెండర్ చూసి కాదు, ప్రెషర్ గేజ్ చూసి తేల్చుకోవాలి. ఇసుక శుభ్రంగా ఉన్నప్పుడు ముల్లు ఎక్కడ నిలబడిందో గేజ్ అద్దం మీద ఎర్ర మార్కర్‌తో గీత పెట్టాను. వేగం మార్చుకునే పంపైతే ఎప్పుడూ అదే వేగం మీద పోల్చి చూడాలి. ముల్లు ఆ గీత దాటి 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగితే అప్పుడు కడగాలి. ఊరికే మాటిమాటికీ కడిగితే నీళ్ళు దండగ, పైగా కాస్త మురికి పట్టిన ఇసుకే సన్నటి నలకని బాగా ఆపుతుంది. మోటారు ఆపాకే వాల్వు పిడి తిప్పాలి. నడుస్తుండగా తిప్పితే లోపలి రబ్బరు గాస్కెట్ చిరిగిపోతుంది. పిడిని బ్యాక్‌వాష్ దగ్గర పెట్టి మోటారు వేయగానే వాల్వు పక్కనున్న చిన్న గాజు గొట్టంలో నీళ్ళు ముందు తేటగానే కనిపిస్తాయి. కాసేపటికి ఒక్కసారిగా బురద రంగుకి మారతాయి, మధ్యలో పసుపు, ఆకుపచ్చ చారలు వస్తాయి, మెల్లగా తేటబడతాయి. పూర్తిగా తేటపడేదాకా ఆగి, మోటారు కట్టేసి, రిన్స్ (కడిగిన నీళ్ళని బయటికే పంపే స్థానం) మీద పెట్టి కాసేపు నడిపి, అప్పుడు ఫిల్టర్ మీదకి మార్చాలి. రిన్స్ వదిలేస్తే గొట్టాల్లో మిగిలిన మురికి నేరుగా పూల్‌లోకి వస్తుంది.

అడుగు నుంచి పంపు నీళ్ళు లాగే డ్రెయిన్ విషయంలో మేస్త్రితో వాదించాల్సి వచ్చింది. "చిన్న పూలే కదమ్మా, ఒక్క డ్రెయిన్ చాలు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒకటే ఉంటే, దాని మీద పిల్లల ఒళ్ళు గానీ జుట్టు గానీ పడి మూసుకుపోతే పంపు లాగే బలమంతా అక్కడే పడుతుంది. పెద్దవాళ్ళు పట్టి లాగినా విడిపించలేనంత బలం అది. కనీసం 3 అడుగుల దూరంలో రెండు డ్రెయిన్లు, రెండూ ఒకే పైపుకి కలిసి, మీద ఉబ్బెత్తుగా ఉండే మూతలు ఉండాలి. ఆ మూతల్లో ఒక్కటి పగిలినా, స్క్రూ వదులైనా ఆరోజు ఎవరినీ నీళ్ళలోకి దిగనివ్వను. కరెంటు విషయంలోనూ అంతే: 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర ట్రిప్ అయ్యే రక్షణ స్విచ్, నీళ్ళలోపల 12 వోల్టుల లైట్లు, సరైన ఎర్తింగ్. వీటిల్లో బేరాల్లేవు.

మాది లోపల తెల్ల ప్లాస్టర్, నీటి అంచున మాత్రమే టైల్స్. కొత్త ప్లాస్టర్ ఉన్న పూల్‌ని మొదటి నెల పసిబిడ్డలా చూసుకోవాలి. నింపడం మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే ఆ మట్టానికి గోడ చుట్టూ గీత పడుతుంది, అది పోదు. పైపు చివర మెత్తటి బట్ట చుట్టి అట్టడుగున పెట్టాలి, లేకపోతే నీటి ధార పడ్డచోట ప్లాస్టర్ కోసుకుపోతుంది. సిమెంటు గట్టిపడేదాకా, అంటే దాదాపు 28 రోజులు, దాన్నుంచి సున్నం నీళ్ళలోకి దిగుతూనే ఉంటుంది. తెల్లటి పొడి గోడల మీద పేరుకుంటుంది, పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) పైపైకి ఎగబాకుతుంది. రోజుకి రెండుసార్లు బ్రష్‌తో గోడలూ అడుగూ రుద్దాం. చక్రాలున్న క్లీనర్‌ని ఆ నెలంతా దించలేదు. ఉప్పుతో క్లోరిన్ తయారుచేసే యంత్రం పెట్టుకునేవాళ్ళు కూడా ఆ నెల గడిచాకే ఉప్పు వేయాలి. చాలామంది అనుకునేట్టు ఉప్పు పూల్ అంటే క్లోరిన్ లేని పూల్ కాదు. ఆ యంత్రం ఉప్పునే క్లోరిన్‌గా మారుస్తుంది.

బోరు నీళ్ళతో నింపేవాళ్ళు ముందే ఇనుము ఎంత ఉందో పరీక్ష చేయించుకోండి. ఇనుమున్న నీళ్ళలో క్లోరిన్ పడగానే తుప్పు రంగు తిరుగుతాయి, కొత్త ప్లాస్టర్ మీద మరకలు పడతాయి.

ఇక టెస్ట్ కిట్. నా దృష్టిలో పూల్ సామాన్లన్నిటిలో దీనికి మించింది లేదు. పసుపు రంగు చూపించే చవక కిట్ మొత్తం క్లోరిన్‌నే చెబుతుంది. అందులో పనిచేసేది ఎంత, పని అయిపోయి మిగిలింది ఎంత అన్నది చెప్పదు. గులాబీ రంగు చూపించే డీపీడీ కిట్ కావాలి, అందులోనూ చుక్కలు లెక్కపెట్టేదైతే ఇంకా మంచిది. సీసాని మోచేతి లోతుకి ముంచి, నీళ్ళు తిరిగి వచ్చే రంధ్రాలకి దూరంగా పట్టుకోవాలి. పొడి వేయగానే సీసా ముదురు గులాబీకి తిరుగుతుంది. తర్వాత ఒక్కో చుక్క వేసి తిప్పుతుంటే రంగు పలచబడుతూ, ఒక చుక్క దగ్గర ఉన్నట్టుండి తేట నీళ్ళయిపోతుంది. ఎన్ని చుక్కలు పట్టాయో దాన్నిబట్టి క్లోరిన్ ఎంతో తెలుస్తుంది. రంగుని కళ్ళతో పోల్చుకునే మామూలు డీపీడీ కిట్‌లో ఒక చిక్కుంది: క్లోరిన్ మరీ ఎక్కువైతే అది గులాబీ రంగునే చంపేస్తుంది, సీసాలో రంగే కనిపించదు. క్లోరిన్ లేదనుకుని ఇంకా పోసేస్తారు. అనుమానం వస్తే ఆ నమూనాలో మంచినీళ్ళు కలిపి మళ్ళీ చూడాలి.

క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఇన్ని పాళ్ళు అని), పీహెచ్ 7.2 నుంచి 7.8 ఉండాలని అందరూ చెబుతారు. ఈ రెండూ వేర్వేరు సంగతులన్నట్టు చెప్పడమే నాకు నచ్చదు. క్లోరిన్ నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది, క్రిముల్ని గట్టిగా చంపేది అందులో ఒకటే. పీహెచ్ 7.5 దగ్గర ఆ చురుకైన భాగం సుమారు సగం. 8 దాటితే పావు వంతు కూడా ఉండదు. కిట్‌లో క్లోరిన్ అంకె బాగానే కనిపిస్తుంది, గోడకి మాత్రం పాచి పడుతుంది. అందుకే నేను ముందు ఆల్కలినిటీ 80 నుంచి 120 పీపీఎం మధ్య ఉందో లేదో చూస్తాను, ఎందుకంటే పీహెచ్‌ని నిలకడగా పట్టి ఉంచేది అదే. మా నీళ్ళలో దాన్ని 10 పీపీఎం పెంచడానికి సుమారు 750 గ్రాముల వంట సోడా పడుతుంది. తర్వాత పీహెచ్, ఆ తర్వాతే క్లోరిన్. గోడ మీది అంకె ఇక్కడే పనికొస్తుంది: 45 వేల లీటర్లలో 1 పీపీఎం అంటే 45 గ్రాముల క్లోరిన్, 65 శాతం క్లోరిన్ ఉండే పొడి అయితే దాదాపు 70 గ్రాములు.

ఎండలో క్లోరిన్ నిలవదు. రక్షణేమీ లేకపోతే మిట్టమధ్యాహ్నం గంట తిరక్కుండానే సగం పోతుంది. సైన్యూరిక్ ఆసిడ్ 30 నుంచి 50 పీపీఎం ఉంటే దానికి గొడుగు పట్టినట్టే. కానీ ఆ ఆసిడ్ నీళ్ళలోంచి తనంతట తాను పోదు. ట్రైక్లోర్ అనే క్లోరిన్ బిళ్ళల్లో అది ముందే కలిసి ఉంటుంది, 10 పీపీఎం క్లోరిన్‌తో పాటు 6 పీపీఎం సైన్యూరిక్ కూడా చేరుతుంది. నెలల తరబడి బిళ్ళలే వాడితే అది పెరిగి పెరిగి క్లోరిన్‌ని పనిచేయనివ్వదు. అందుకే మేము రోజువారీకి లిక్విడ్ క్లోరిన్ వాడతాం, ఊరెళ్ళినప్పుడు మాత్రం తేలే డబ్బాలో బిళ్ళలు వేస్తాం. ఏది పోసినా సూర్యాస్తమయం అయ్యాకే, మోటారు నడుస్తుండగానే.

కళ్ళు మండితే, ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని కంగారుపడతారు. చాలాసార్లు విషయం తలకిందులు. చెమట, మూత్రంతో కలిసి క్లోరిన్ క్లోరమిన్‌గా మారినప్పుడే ఆ వాసన వస్తుంది. అప్పుడు కావలసింది ఇంకాస్త క్లోరిన్. అసలు దిగేముందు ఒంటికి నీళ్ళు పోసుకుని వస్తే ఈ సమస్య సగం తగ్గుతుంది. మా ఇంట్లో చుట్టాలైనా సరే, స్నానం చేయకుండా ఎవరూ దిగరు.

పూల్ మందులు దాచుకునే దగ్గర నేను చాలా కఠినంగా ఉంటాను. పీహెచ్ తగ్గించడానికి వాడే ఆసిడ్, క్లోరిన్ ఒకే చోట ఉండకూడదు, కలిస్తే విషవాయువు వస్తుంది. ట్రైక్లోర్ బిళ్ళలూ బ్లీచింగ్ లాంటి కాల్షియం హైపో పొడీ కలిస్తే మంటలు లేస్తాయి, పేలనూ వచ్చు. కొలిచే గరిట దేనికదే వేరు. మందుని నీళ్ళలో వేయాలి తప్ప మందు మీద నీళ్ళు పోయకూడదు.

రోజూ పొద్దున్నే స్కిమ్మర్ (నీటి అంచున తేలే చెత్తని లోపలికి లాక్కునే గోడలోని నోరు) బుట్టలో ఆకులు తీయడం, నీటి మట్టం స్కిమ్మర్ నోటి మధ్యకి ఉందో లేదో చూడటం, ఒక్క పరీక్ష. ఇవన్నీ కాఫీ చల్లారేలోపు అయిపోయే పనులు. వారానికోసారి గోడలు రుద్దడం, అడుగు వాక్యూమ్ చేయడం. నిచ్చెన వెనక, మెట్ల మూలల్లో నీళ్ళు కదలవు, పాచి ముందు అక్కడే పడుతుంది. తిరిగొచ్చే నీటి గొట్టాల మూతుల్ని కొంచెం పక్కకి తిప్పితే నీళ్ళు గుండ్రంగా తిరిగి ఆకుల్ని స్కిమ్మర్ వైపు తోస్తాయి. పైసా ఖర్చులేని మార్పు ఇది. పంపు మూతలోంచి బుడగలు కనిపిస్తే ముందు ఆ మూత కింది రబ్బరు రింగుని చూడండి.

పూల్ చుట్టూ నాలుగు వైపులా నాలుగడుగుల కంచె ఉంది. గేటు బయటికి తెరుచుకుని, తనంతట తానే మూసుకుని గడియ పడుతుంది. గడియ పిల్లల చేతికందనంత ఎత్తులో పెట్టించాం. ఇంటి గోడనే నాలుగో వైపు కంచెగా వదిలేసే పద్ధతి నాకిష్టం లేదు, వెనక తలుపు తీసుకుని పిల్లలు నేరుగా నీళ్ళ దగ్గరికి వచ్చేస్తారు. కంచె ఉంది కదా అని కళ్ళు తిప్పుకోకూడదు కూడా. మునిగిపోయే పిల్లలు కేకలు వేయరు.

నీటి మట్టం రోజూ తగ్గుతుంటే లీకేజీ అని టెన్షన్ పడకుండా బకెట్ పరీక్ష చేయండి. బకెట్‌ని మెట్టు మీద నిలబెట్టి, పూల్ మట్టం ఎంతుందో లోపల కూడా నీళ్ళు అంతే ఉండేలా నింపి, బకెట్ లోపలా బయటా నీటి మట్టానికి గీత పెట్టి ఒక రోజు వదిలేయాలి. రెండూ ఒకేలా తగ్గితే ఆవిరే. పూల్‌లో ఎక్కువ తగ్గితే లీకు ఉన్నట్టు. ఎండాకాలంలో ఆవిరికి రోజుకి అర సెంటీమీటరు పోవడం మామూలే, రాత్రిపూట కవర్ కప్పితే చాలా మిగులుతుంది.

అందరూ అడిగేది ఒకటుంది: నీళ్ళు ఎన్నాళ్ళకోసారి మార్చాలి? సరిగ్గా చూసుకుంటే మొత్తం మార్చక్కర్లేదు. సైన్యూరిక్ బాగా పెరిగినా, కాల్షియం 400 పీపీఎం దాటినా కొంత తీసేసి కొత్తవి కలిపితే సరిపోతుంది. పూర్తిగా ఖాళీ చేయాల్సి వస్తే వానాకాలంలో మాత్రం చేయకండి. భూమిలో నీటి మట్టం పైకి ఉన్నప్పుడు లోపలి బరువు పోతే కింది నీళ్ళు మొత్తం కట్టడాన్నే పైకి లేపేస్తాయి. ఎండాకాలం చూసుకుని, ముందు అడుగున ఉండే ఒత్తిడి వాల్వు (కింది నీళ్ళ ఒత్తిడి తగ్గించేది) పనిచేస్తోందో లేదో తెలిసినవాళ్ళతో చూపించుకుని, అప్పుడు తీయించండి.