జూన్ పండగ ఫిబ్రవరిలో

కువైట్‌లో ఇంటి డ్రైవర్‌గా చేరిన మొదటి ఏడాది, జాతీయ పండగలకి ఫిబ్రవరి 25, 26 రెండు రోజులూ సెలవని విని తెగ సంబరపడ్డాను. కడపవాళ్లం నలుగురం కలిసి బిర్యానీ వండుకుందామనుకున్నాం. సెలవు దేశానికే గానీ ఇంటి డ్రైవర్‌కి కాదని 25 సాయంత్రం తెలిసొచ్చింది.

నాలుగింటికి అందర్నీ ఎక్కించుకుని గల్ఫ్ రోడ్డుకి బయల్దేరాం. చిన్నపాప గౌను కూడా జెండానే: ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు, నలుపు. కువైట్ టవర్స్ దగ్గరికొచ్చేసరికి బండి ఇక కదిలితే ఒట్టు. రోడ్డు పొడుగునా పిల్లలు నీళ్ల తుపాకులు, నురగ డబ్బాలు పట్టుకుని ఏ కారు అద్దం దిగుతుందా అని కాచుకున్నారు. మావాళ్లు దించనే దించారు. నా చొక్కా, సీట్లు, లెక్క చెప్పడానికి దాచిన పెట్రోలు బిల్లులు, అన్నీ తడిసి ముద్దయ్యాయి.

ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే ఊరు మాది. ఇక్కడ ఒక్క నదీ లేదు. పూర్వం పక్కనున్న ఇరాక్‌లోని షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో మంచినీళ్లు తెచ్చుకునేవారు, ఇప్పుడు సముద్రపు నీటిలో ఉప్పు తీసి తాగుతున్నారు. అలాంటి నీళ్లు రోడ్డుపాలవుతుంటే నాకు మనసొప్పలేదు.

"స్వాతంత్ర్యం ఈ రోజే వచ్చిందా బాబా?" అని పక్కనున్న యజమానిని అడిగాను. నవ్వాడాయన. వచ్చింది 1961 జూన్ 19న, 1899లో బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందం రద్దయినప్పుడు. పండగా మొదట జూన్‌లోనే చేశారు. ఆ ఎండలో సాగక, అప్పటి అమీర్ షేక్ అబ్దుల్లా అల్ సాలెం 1950లో గద్దెనెక్కిన ఫిబ్రవరి 25కి మార్చుకున్నారు. జూన్‌లో స్టీరింగ్‌కి తువ్వాలు చుట్టి బండి నడిపే నాకు ఇంకేం చెప్పాలి!

26 విముక్తి దినం. 1990 ఆగస్టు 2న చొరబడిన ఇరాక్ సైన్యం పీడ 1991 ఫిబ్రవరి 26న వదిలింది. పోతూపోతూ వాళ్లు నిప్పంటించిన చమురు బావులు ఆరడానికి నవంబరు దాకా పట్టింది. మా మేనమామ అప్పుడు ఇక్కడే డ్రైవరు. చేతిసంచీతో అమ్మాన్ దాకా పోయి, ఎయిరిండియా విమానంలో బొంబాయి చేరాడు. లక్షన్నర మందికి పైగా మనవాళ్లు అలాగే ఇల్లు చేరారు. నాలుగు నెలల జీతం బాకీ ఉండిపోయింది. అయినా 1992లో మళ్లీ వచ్చాడు. ఎందుకొచ్చావు మామా అంటే, "మరి అప్పు నువ్వు తీరుస్తావా?" అన్నాడు.

రాత్రి పదకొండింటికి ఇల్లు చేరి బకెట్ పట్టుకున్నానో లేదో, కడప నుంచి ఆయన ఫోన్.

"గల్ఫ్ రోడ్డుకి పోయినావా?"

"పోయినా మామా."

"అయితే ముందు ఆ నురగ కడిగేయ్‌రా. ఎండితే మరకలు పోవు."