బాలి స్పాలో నేను చేతులే చూశాను

నెల్లూరు జిల్లాలో రొయ్యల మేత డీలరు భార్యకు విదేశాలు చూసే యోగం ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. టార్గెట్ కొట్టిన డీలర్లను కంపెనీలు జంటలుగా ఎక్కడికో ఒకచోటికి తీసుకుపోతుంటాయి. ఇందుకూరుపేటలో మా ఆయనకు మేత షాపు. మా వంతుకు బాలి వచ్చింది. చెన్నైలో ఎక్కి, సింగపూర్‌లో మారి, డెన్‌పసార్‌లో దిగాం. మిగతా జంటలు తంజుంగ్ బెనోవా బీచ్‌లో పారాసెయిలింగ్ అంటూ కేకలు పెడుతుంటే నేను ఉబుద్‌లో స్పాల చుట్టూ తిరిగాను. ఎందుకంటే నెల్లూరు దర్గామిట్టలో నాకు లేడీస్ పార్లర్ ఉంది. స్పాకు పోయినవాళ్ళు హాయిగా కళ్ళు మూసుకుంటారు. నాకది చేతకాదు. ఏ దుప్పటి ఎట్లా మడిచారు, నూనె ఎంత పోశారు, ఆ అమ్మాయి నిలబడ్డ తీరేంటి, అన్నీ కావాలి.

"కొబ్బరి నూనె పూయించుకునేదానికి ఇంత దూరం రావాల్నా వదినా?" అని అల్లూరు డీలర్ గారి భార్య నవ్వింది. ఆమె అడిగింది న్యాయమే. ఈ పోస్టంతా ఆమెకు జవాబనుకోండి.

ముందు డబ్బు సంగతి. అక్కడి లక్ష రుపియాలు మన లెక్కన అయిదొందల పైచిలుకు. ఉబుద్ వీధుల్లో, మేడ మీద నాలుగు పరుపులు వేసుకున్న చోట గంట మసాజ్ లక్ష, లక్షన్నర రుపియాలకు అయిపోతుంది. అదే ఆయుంగ్ నది లోయలో ఉన్న పెద్ద రిసార్టుల్లో గంటన్నరకు పదిహేను, ఇరవై లక్షలు. ఆ అంకె విని మా ఆయన ఫోన్లో కాలిక్యులేటర్ తీశాడు. మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే దాని మీద సర్వీసు, పన్ను కలిపి ఇంకో 21 శాతం పడుతుందని అర్థం. చాలామంది అది చూడరు, బిల్లు దగ్గర మొహం వేలాడేస్తారు. గదికైతే ఒక్క రాత్రికి మన రూపాయల్లో యాభై వేలు దాటే చోట్లు ఆ లోయ పొడవునా ఉన్నాయి. అమన్‌దారి 1989 నుంచి ఉంది, సయాన్‌లో ఫోర్ సీజన్స్ 1998లో వచ్చింది. ఆ ఫోర్ సీజన్స్‌లో ఒక కార్యక్రమం ఉంది: మనిషిని పట్టు ఉయ్యాల్లో పడుకోబెట్టి, బుద్ధుడి జీవితకథ చెప్తూ నిద్రపుచ్చుతారు. మా అత్తమ్మకు చెబితే, "మరి పాలు కూడా పడతారా?" అంది.

వీధిలోనూ చేయించుకున్నాను, రిసార్టులోనూ చేయించుకున్నాను. నిజం చెప్పాలంటే చేతుల్లో ఇరవై రెట్ల తేడా ఏమీ లేదు. తేడా అంతా చేతుల చుట్టూ ఉంది. వీధిలో అమ్మాయికి ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉంటారు, పక్క పరుపు మీద ఎవరో ఫోన్ మాట్లాడుతుంటారు. రిసార్టులో ఆ అమ్మాయికి తొందర లేదు. నా కాళ్ళను రాతి గిన్నెలో పెట్టి, నిమ్మచెక్కతో మడమలు రుద్ది, ఉప్పు రాసి, కడిగి, తుడిచింది. అప్పటికే పావుగంట. ఆ పావుగంట నా పార్లర్లో ఒక ఐబ్రోస్, ఒక అప్పర్ లిప్ అయిపోయే టైము.

తర్వాత బోర్లా పడుకున్నాను. మొహం పెట్టే కంతలోంచి కిందికి చూస్తే నేల మీద పూల గిన్నె. కంటికి ఏదో ఒకటి ఉండాలని పెట్టారు. ఆ అమ్మాయి వెంటనే నూనె పోయలేదు. వీపు మీద కప్పిన బాటిక్ గుడ్డ పైనుంచే రెండు అరచేతులూ ఆనించి కాసేపు ఊరికే ఉంది. నా ఊపిరి ఎట్లా నడుస్తుందో చూసుకుంటోందని నాకు తెలిసింది. ఆ తర్వాత గుడ్డ నడుము దాకా మడిచి, నూనె తన చేతిలో పోసుకుని వేడెక్కాక, నడుము నుంచి భుజాల దాకా ఒకే పొడవాటి ఒత్తు. బాలి మసాజ్‌కు ప్రాణం అదే. అరచేయంతా ఆనాలి, మధ్యలో తెగకూడదు. వెన్నుపూసకు రెండు పక్కలా బొటనవేళ్ళతో నొక్కుతూ పైకి పోవడం, నడుము దగ్గర చర్మాన్ని వేళ్ళ మధ్య పట్టి దొర్లించుకుంటూ పోవడం తర్వాతి సంగతులు. కాలి వైపుకు మారేటప్పుడు కూడా ఒక చెయ్యి నా ఒంటి మీదే ఉంది. రెండు చేతులూ ఒకేసారి ఎత్తలేదు. మన దగ్గర అమ్మాయిలకు నేను చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టే విషయం ఇదే. రెండు చేతులూ తీస్తే పడుకున్నామె కళ్ళు తెరుస్తుంది.

బలం కూడా మోచేతుల్లోంచి కాదు, కాళ్ళలోంచి తీసుకుంటోంది. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి ఒంటి బరువుతో వాలుతోంది. అట్లా చేస్తే రోజుకు అయిదారుగురికి చేసినా మణికట్లు నిలబడతాయి. ఈ పని అక్కడ నేర్పే బళ్ళున్నాయి. నేర్చుకున్నవాళ్ళు మాల్దీవులకు, టర్కీకి, క్రూయిజ్ ఓడల మీదికి ఉద్యోగాలకు పోతారు. ఈ అమ్మాయి అక్క కూడా ఓడ మీద చేసి వచ్చిందట.

బ్యాడ్జీల మీద పేర్లు చూస్తే తమాషాగా ఉంటుంది. ఒకే స్పాలో ముగ్గురు వాయన్‌లు కనిపించారు. అక్కడ మొదటి బిడ్డ వాయన్, రెండో బిడ్డ మాడే, మూడు న్యోమాన్, నాలుగు కెతుత్. అయిదో బిడ్డ పుడితే మళ్ళీ వాయన్ నుంచి మొదలు.

ఇక మెనూలోని పేర్లు. 'బాలి లులూర్' అని గొప్పగా రాసి ఉంటుంది గానీ, లులూర్ అసలు బాలిది కాదు. జావా రాజాస్థానాలది, యోగ్యకర్త, సురకర్త వైపుది. పెళ్ళికి ముందు రాచకన్యలకు పసుపు, గంధం, బియ్యప్పిండి కలిపి రాసేవాళ్ళు. మనం పెళ్ళికూతురికి నలుగు పెట్టడం లాంటిదే. స్పాలో దాని మీద పెరుగు రాసి, కడిగి, పూలనీళ్ళ తొట్లో కూర్చోబెడతారు. ఆ పూల తొట్టి ఫోటోకు తప్ప దేనికీ కాదని నా అభిప్రాయం. రేకులు వీపుకు అతుక్కుని, బయటికి వచ్చాక ఒక్కొక్కటీ పీక్కోవడమే పని.

బాలి వాళ్ళ సొంత సరుకు బోరే. నా డబ్బుకు విలువ దక్కింది దీని దగ్గరే. ఇది రాజుల ఇంట్లో పుట్టలేదు. వరి మళ్ళలో పుట్టింది. మెట్ల మెట్ల మళ్ళకు నీళ్ళు పంచుకునే సుబక్ పద్ధతికి 2012లో యునెస్కో గుర్తింపు వచ్చింది కదా, ఆ మళ్ళలో పొద్దస్తమానం బురదనీళ్ళలో నిలబడి వచ్చిన రైతులు కాళ్ళకు, నడుముకు పూసుకున్న పూత ఇది. నానబెట్టిన బియ్యం, లవంగాలు, దాల్చినచెక్క, అల్లం, పసుపు, జాజికాయ, మిరియాలు, మన కచ్చూరాల వాసనకు దగ్గరగా ఉండే ఒక దుంప. అన్నీ బరకగా నూరతారు. వేడి చేసేవి, చలవ చేసేవి అని మందులను విడదీయడం వాళ్ళకూ ఉంది. తాటాకుల మీద రాసిన వైద్య గ్రంథాలు, ఉసద అంటారు, ఇప్పటికీ ఇళ్ళలో దాచుకున్నవి ఉన్నాయి. నాకు పూసిన బోరే పూర్తిగా వేడి సరుకు.

పూసిన కొత్తలో ఏమీ తెలియదు, తడిపిండి రాసినట్టు చల్లగానే ఉంటుంది. దుప్పటి చుట్టి వదిలేశాక పిక్కల దగ్గర సన్నగా చురుక్కుమంటుంది. అక్కడి నుంచి తొడలకు, నడుముకు ఎక్కుతుంది. మంట కాదు, లోపలి నుంచి కాగుతున్నట్టు. నుదుటి మీద చెమట పట్టింది. పూత ఆరి పొడిపొడిగా రాలుతుంటే చేత్తో నలిచి తీసి, దాని మీద తురిమిన క్యారెట్ రుద్దింది! ఇదేంటమ్మా అంటే, పూత వల్ల ఎండిన చర్మానికి తడి ఇచ్చేదానికట. వాళ్ళ అమ్మమ్మ కాలంలో దినుసులు నోట్లో వేసుకుని నమిలి, నొప్పి ఉన్నచోట ఉమ్మేవాళ్ళని కూడా చెప్పింది. ఆ పని రిసార్టు మెనూలో పెట్టలేదు, సంతోషం.

నాకు అప్పుడు మా అమ్మ మోకాళ్ళు గుర్తుకొచ్చాయి. మాది బుచ్చి (బుచ్చిరెడ్డిపాళెం) దగ్గర పల్లె. మన జిల్లాలో వానలు పడేది కార్తీక, మార్గశిరాల్లో. నాట్లు పడేదీ అప్పుడే. తుపాను గాలిలో, మోకాటి లోతు కయ్యలో నాటేసి వచ్చిన ఆడవాళ్ళు పొయ్యి దగ్గర కూర్చుని ఆముదం వెచ్చచేసి రాసుకునేవాళ్ళు. ఒంటికి రాసేవాళ్ళు లేరు, ఎవరికి వాళ్ళే. బాలింతకు, బిడ్డకు మాత్రం నీళ్ళు పోసే అవ్వ వచ్చేది. బిడ్డను చాపిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, చేతులు పీకి, ముక్కు తీర్చి, వీపు మీద ఒక్క చరుపు చరిచేది. ఉబుద్ అమ్మాయి చేతికి ఆ అవ్వ చేయి ఏం తీసిపోదు. ఆమెకు ఇచ్చింది ఒక చీర, సోలెడు బియ్యం. ఆమె తర్వాత ఆ పని ఊళ్ళో ఎవరూ నేర్చుకోలేదు. ఎందుకు నేర్చుకుంటారు?

రిట్రీట్ ప్యాకేజీల్లో ఇంకా చాలా ఉంటాయి. మెలుకాత్ అని శుద్ధి స్నానం. తంపక్‌సిరింగ్ దగ్గర తీర్థ ఎంపుల్ గుడిలో ఊట నీళ్ళ ధారల కింద ఒక్కొక్కదాని దగ్గరా తల వంచి పోవాలి. ఆ గుడి 962 నాటిది. చనిపోయినవాళ్ళ కర్మకు సంబంధించిన రెండు ధారలు వదిలేయమంటారు. నడుముకు సారొంగ్ అనే లుంగీలాంటి గుడ్డ తప్పనిసరి, నెలసరిలో ఉన్నవాళ్ళు పోకూడదు. దీన్ని రిసార్టు కారు, గైడు, అరటాకు భోజనంతో కలిపి వేల రూపాయలకు అమ్ముతారు. నేరుగా పోతే టికెట్టు మన లెక్కన కొన్ని వందలే. తాగేదానికి జాము ఇస్తారు. పసుపు, చింతపండు, బెల్లం కలిపిన నీళ్ళు. 2023లో జాము సంస్కృతినీ యునెస్కో జాబితాలో చేర్చారు. రుచి మాత్రం తాలింపు మర్చిపోయిన చారే.

నెల్లూరు వచ్చాక చిన్నబజారులో దినుసులు తెచ్చి మా పార్లర్లో బోరే మొదలుపెట్టాను. పసుపు బాగా తగ్గించాను, దుప్పట్లు పాడవుతాయి. మిరియాలు నామమాత్రం. వేసవిలో చెయ్యను, మన రోహిణి ఎండల్లో ఒంటికి లవంగాలు పూయడమంటే నేరమే. వానలు మొదలయ్యాకే బోర్డు మీద రాస్తాను. గర్భిణులకు, దద్దుర్లున్నవాళ్ళకు చెయ్యను. వాక్సింగ్ చేయించుకున్నవాళ్ళు రెండు రోజులు ఆగి రావాలి, లేకపోతే పూత కింద కాగడం కాదు, కాలడమే. బాలి పోయేవాళ్ళూ ఈ మాట గుర్తుపెట్టుకోండి. ట్రిప్పుకు ముందు రోజు నున్నగా వాక్సింగ్ చేయించుకుని పోయి బోరే బుక్ చేస్తే ఏమవుతుందో ఎవరూ ముందుగా చెప్పరు.

మా అమ్మాయిలకు కాళ్ళతో వాలడం, చెయ్యి ఎత్తకుండా ఉండడం నేర్పుతున్నాను. ఒకమ్మాయికి బాగా అబ్బింది, ఇంకొకామెకు ఇప్పటికీ గడియారం మీదే చూపు. గంటన్నర పనికి పన్నెండు వందలు పెట్టాను. "ఏందక్కా, బియ్యప్పిండికి పన్నెండు వందలా?" అని బేరం మొదలుపెడతారు. అందులో సగం చేసిన అమ్మాయికే పోతుంది, తగ్గించమంటే ఆ అమ్మాయినే అడగండి అని పక్కనే నిలబెడతాను. వాళ్ళ అమ్మ ఇప్పటికీ బుచ్చి కయ్యల్లో నాట్లకు పోతుందని తెలిశాక ఎక్కువమంది అడగరు. ఒకరిద్దరు అడుగుతారు. వాళ్ళకు ఫేషియల్ చేసి పంపిస్తాను.