కాలిన కట్టె, తెల్ల గుడ్డ

పార్కులకూ పడవల రేవులకూ బెంచీలు చేస్తున్నానంటే అమ్మ సంతోషించింది. చెక్కను ముందు కాలుస్తామనగానే ఫోనులో గొంతు మారింది. "కాలిన కట్టె మీద మనుషుల్ని కూర్చోబెడతారా? అదేం దేశంరా!" కట్టె కాలడమంటే మనకు గుర్తొచ్చేది శ్మశానమే మరి.

నేను వెల్డర్ని. నైపుణ్య కార్మికుల కోసం జపాన్ 2019లో తెచ్చిన వీసా మీద వచ్చి, ఒకాయామా దగ్గర చిన్న వర్క్‌షాపులో చేరాను. ఈ పశ్చిమ ప్రాంతంలో ఇళ్ల గోడలకు సుగి అనే జపాన్ చెట్టు పలకలను కాల్చి కొట్టడం పాత అలవాటు. యాకిసుగి అంటారు. నావోషిమా దీవిలో హోన్‌మురా వీధుల్లో నడిస్తే ఎటు చూసినా నల్ల గోడలే. పైన బొగ్గు పొర ఉంటే చెక్క త్వరగా కుళ్లదు, పురుగుకూ అందులో తినడానికేమీ దొరకదు. బయటి దేశాలవాళ్లు దీన్ని 'షో సుగి బాన్' అంటారు. అది అక్షరాలను తప్పుగా చదవడంతో పుట్టిన పేరు.

కాల్చడం చూసి తీరాలి. మూడు పొడవాటి పలకలను త్రికోణపు గొట్టంలా కట్టి నిలబెట్టి, అడుగున నిప్పంటిస్తారు. గొట్టమే పొగగొట్టమై మంటను పైకి లాగేస్తుంది. కొద్ది నిమిషాలకే కట్లు తెంపి, పలకలు విడదీసి నీళ్లు కొడతారు. చుయ్‌మన్న ఆ చప్పుడుకు, పొయ్యి కట్టెల మీద చెంబుతో నీళ్లు చల్లే మా నాయనమ్మ గుర్తొస్తుంది. కాలిన వైపు మొసలి వీపులా పగుళ్లు తేలతాయి.

గోడకైతే అంతటితో సరి. బెంచీని అలాగే వదిలేస్తే కూర్చుని లేచినవాడి ప్యాంటు చూడనక్కర్లేదు. తీగల బ్రష్షుతో వదులు బొగ్గంతా దులిపి, కడిగి, ఆరబెట్టి నూనె పట్టించాలి.

స్టీలు కాళ్లు నా వంతు. వెల్డింగ్ అయ్యాక జింకు పూతకు పంపుతాం. అక్కడి తొట్టిలో కరిగిన జింకు సుమారు 450 డిగ్రీల వేడి మీద ఉంటుంది. మూసేసిన గొట్టంలో గాలీ తేమా చిక్కుకుంటే అందులో పేలిపోతుంది, అందుకే గొట్టాలకు రంధ్రాలు వదలాలి. మొదటి నెలలో ఒక ఫ్రేముకు మరిచాను. హంచో, అంటే మన మేస్త్రీ, ఏమీ అనలేదు. ఫ్రేము తెచ్చి నా బల్ల మీద పెట్టి, రంధ్రం ఉండాల్సిన చోట సుద్దతో సున్నా చుట్టి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

బిగింపులోనూ చాదస్తమే. వానకు చెక్క ఉబ్బితే జరగడానికి బోల్టు రంధ్రాలు కోలగా ఉండాలి. నీరు నిలవకుండా చెక్కకూ స్టీలుకూ మధ్య కాస్త సందు ఉండాలి.

లారీ ఎక్కించే ముందు హంచో తెల్ల గుడ్డతో బెంచీని గట్టిగా రుద్దుతాడు. నల్లటి గీత పడిందా, మళ్లీ బ్రష్షే. పోయిన వారం ఆ పరీక్ష వీడియో కాల్‌లో అమ్మకు చూపించాను. గుడ్డకు మసి అంటలేదు. కాసేపు మాట్లాడలేదు.

"మీ తాత కూడా కంచె గుంజల మొదళ్లు కాల్చే పాతేవాడు" అంది.

తర్వాత అనుమానం తీరక, "పంచె కట్టుకున్నవాళ్లు కూడా కూర్చోవచ్చంటావా?" అని అడిగింది.